రెక్క మొదట్లో మూడు నల్ల వెంట్రుకలు

ఏప్రిల్ 6

కొత్త కళ్ళద్దాలు పనికిమాలినవి. పాతవే నయం. దుకాణంలో పిల్ల నా కళ్ళలోకి లైటు వేసి చాలాసేపు చూసి, "ఆసుపత్రికి రాస్తానండి, వాళ్ళే పిలుస్తారు" అంది. దానికి పాతికేళ్ళు కూడా ఉండవు. అద్దాలు సరిగ్గా చెయ్యడం చేతకాక ఆసుపత్రి మీదికి తోస్తోంది. డెరిక్‌కి చెప్పలేదు. చెప్పడానికి అందులో ఏముంది గనక.

ఏప్రిల్ 9

రికార్డుల కేంద్రంలో కొత్తగా చేరిన ఇమొజెన్ అనే అమ్మాయి, వెబ్‌సైటులో పెడతాం, మీ గురించి నాలుగు ముక్కలు రాసివ్వండి అంది. ఇలా రాసిచ్చాను: "మావిస్ టిల్‌బ్రూక్. వయసు డెబ్బై నాలుగు. ముప్ఫై ఒక్క ఏళ్ళు దంతాల ల్యాబ్‌లో కట్టుడు పళ్ళు చేసింది. పంతొమ్మిదేళ్ళుగా మన కౌంటీలో జనం పంపే తుమ్మెదల ఫోటోలు చూసి, ఏది ఏ జాతో నిర్ధారిస్తోంది. జీతం లేదు."

డెరిక్ నా భుజం మీంచి చదివి, "ఎవర్నీ వదిలిపెట్టదు అని కూడా రాయి" అన్నాడు. నలభై తొమ్మిదేళ్ళ కాపురంలో ఈ మనిషి నన్ను మెచ్చుకోవడమంటే ఇంతే.

పళ్ళకి పదహారు తెలుపులున్నాయి. నోరు తెరిస్తే చాలు, ఏ తెలుపో అక్కడికక్కడే చెప్పేదాన్ని. మా యజమాని నమూనా పళ్ళు పక్కన పెట్టి సరిచూసుకునేవాడు. ఒక్కనాడు కూడా నా మాట తప్పలేదు.

ఏప్రిల్ 21

ఫోటోలు వరదలా వచ్చిపడుతున్నాయి. ఇప్పుడు అందరి ఫోన్లలోనూ ఆ యాప్ ఉంది. పువ్వు మీద ఏది వాలితే దాన్ని ఫోటో తీస్తారు. యాప్ వెంటనే పేరు చెప్పి, నూటికి తొంభై అనో తొంభై ఏడు అనో తన నమ్మకం పక్కన చూపిస్తుంది. అప్పుడది నా దగ్గరికి వస్తుంది. నేను పచ్చ గుర్తు పెడితే రికార్డు, ఎర్ర గుర్తు పెడితే కాదు. యాప్ ఏం చెప్పినా ఆఖరి మాట నాది. ఫోటో చూసి గుర్తు పెట్టాలి గాని, యాప్ మాట చూసి పెట్టకూడదు. ఆ నియమం రాసిన కమిటీలో నేనూ ఉన్నాను. నిజం చెప్పాలంటే నేనే రాశాను.

ఈ ఏడు వచ్చే ఫోటోలు మరీ మసకగా ఉంటున్నాయి. ఫోన్ల ఖరీదు పెరిగేకొద్దీ ఫోటోలు నాసిరకమవుతున్నాయి.

ఏప్రిల్ 22

కంప్యూటరు తెర తుడిచాను. రెండుసార్లు.

మే 4

యాప్ తొంభై ఏడు అంది. నాకూ అదే అనిపించింది. పచ్చ గుర్తు పెట్టాను.

మే 5

నలభై రికార్డులు గంటలో అయిపోయాయి. పూర్వం ఒక పూటంతా పట్టేది. అనుభవమంటే ఇదే.

మే 13

నెలకో శనివారం సముద్రపు కట్ట మీద మా తుమ్మెదల నడక. ఒకటిన్నర మైలు, ప్రతి నెలా అదే దారి. అటు రెండు మీటర్లు, ఇటు రెండు మీటర్లు, ఆ మేరలో కనిపించిన ప్రతి తుమ్మెదనూ రాసుకోవాలి. ఇవాళ ఏడుగురం. ఒకాయన కొత్తగా వచ్చాడు. పేరు కార్ల్ డ్రేపర్. వయసు యాభై దాటింది, తలుపంత మనిషి. మా వీధికి వచ్చే చెత్తబండి నడిపేది ఇతనేనట. ఇన్నేళ్ళూ బండిని చూశాను గాని మనిషిని చూడలేదు.

"ఈ పిచ్చి నీకెలా తగులుకుంది?" అని అడిగాను.

"నా బండి అద్దం మీద ఒకటి వాలిందండి. ఊరికే ఫోటో తీస్తే ఫోను పేరు చెప్పింది. ఎర్రతోక తుమ్మెద, ఆడది అని. పేరు తెలిశాక ఇక చూడకుండా ఉండలేకపోతున్నా. వీధికో నాలుగు కనబడుతున్నాయి. అంతకుముందు ఎక్కడున్నాయో మరి."

మనిషి నాకు నచ్చాడు. నచ్చినట్టు కనబడనివ్వలేదు. కాసేపటికి ప్లాస్టిక్ డబ్బాలో ఒకదాన్ని పట్టుకొచ్చి నా ముఖం ముందు పెట్టాడు. "యాప్ దీన్ని..." అనబోయాడు.

"యాప్ సంగతి నా దగ్గర ఎత్తకు. నువ్వేం చూశావో చెప్పు."

"పసుపు, నలుపు చారలండి."

"ప్రతి తుమ్మెదకీ ఉంటాయి పసుపు, నలుపు. పసుపు పట్టీలు ఎన్ని? మెడ దగ్గరా, నడుం దగ్గరా? తోక పాలలా ఉందా, మట్టి కలిసినట్టు ఉందా?"

"మీరొక్కసారి చూస్తే..."

"నేను చూస్తే నువ్వెప్పుడు నేర్చుకుంటావు?"

అందరూ నవ్వారు. అతనూ నవ్వి, కట్ట మీద మోకాళ్ళ మీద కూర్చుని, డబ్బాను వెలుతురుకి తిప్పుకుంటూ ఒక్కొక్కటే చెప్పాడు. వింటూ నేను పేరు చెప్పాను. ఈ ఏడు నేను పెట్టిన కొత్త పద్ధతి ఇది. డబ్బా వాళ్ళ చేతిలోనే ఉంటుంది, వాళ్ళు చెబుతారు, నేను తేలుస్తాను. ఎప్పుడో పెట్టవలసింది.

మే 20

డెరిక్ పెరటి మెట్ల అంచులకు తెల్లరంగు వేశాడు. ఎందుకని అడిగితే, రంగు మిగిలిపోయిందన్నాడు. ఇంట్లో తెల్లరంగు ఉన్నట్టే నాకు తెలియదు.

జూన్ 2

ఆసుపత్రి నుంచి ఉత్తరం. పంతొమ్మిదో తారీఖున రమ్మన్నారు. ఆ రోజు నాకు పనుంది. ఉత్తరం విత్తనాల డ్రాయర్లో పెట్టాను.

జూన్ 11

బాత్రూంలో గోడ పలకలు వంకరగా అతికించారు. ఇరవై ఏళ్ళుగా ఎలా గమనించలేదో.

జూన్ 19

పనేమీ లేకపోయింది. జామ్ కాచాను. స్ట్రాబెర్రీ.

జూలై 1

యాప్ తయారుచేసిన వాళ్ళు దేశమంతటా ఉన్న నిర్ధారకులకు ధన్యవాదాలు చెబుతూ ఉత్తరం రాశారు. ఆ యాప్ తుమ్మెదలను గుర్తుపట్టడం ఎలా నేర్చుకుందంటే, మేము పచ్చ గుర్తు పెట్టిన ఫోటోలు చూసేనట. ఇప్పటికీ ఏటా కొత్తవి చూసి నేర్చుకుంటూనే ఉందట. నా పేరు పక్కన ఇరవై మూడు వేలని రాశారు. ఇరవై మూడు వేల ఫోటోలు. అంటే అది నా శిష్యుడు.

కడుపు నిండిపోయింది. డెరిక్‌కి చదివి వినిపించాను. అసలు వినిపించినవాడు అతనే, అక్షరాలు మరీ చిన్నవి. ఆలోచిస్తే మనసు తేలికపడింది కూడా. నేను నేర్పిన దాన్ని నేను అడిగితే తప్పేముంది. నన్ను నేను అడిగినట్టే కదా.

జూలై 8

నడకకి పదకొండుమంది వచ్చారు. కార్ల్ ఇప్పుడు అందరికంటే బాగా చెబుతున్నాడు. ముందు ముఖం, తర్వాత వీపు, తర్వాత పొట్ట, ఆఖర్న తోక. నేను కళ్ళు మూసుకుని విన్నా ఆ తుమ్మెద ఎదురుగా ఉన్నట్టే ఉంటుంది. మూసుకునే విన్నాను.

టీ తాగుతూ తన సంగతి చెప్పాడు. భార్య వెళ్ళిపోయి రెండేళ్ళయిందట. కూతురు వారానికోసారి ఫోను చేసి, "ఏం తిన్నావు నాన్నా" అని అడుగుతుందట. "ఇప్పుడు తిన్నది కాకుండా చెప్పడానికి ఇంకోటి దొరికిందండి" అన్నాడు. నా జీవితంలో నాకు అందిన బహుమతుల్లో ఈ మాట ఒకటి.

జూలై 18

ఆసుపత్రి నుంచి రెండో ఉత్తరం. మొదటిసారి రాలేదు, ఈసారైనా తప్పక రండి అని. డ్రాయర్ మూసుకోవట్లేదు, విత్తనాల పొట్లాలు ఎక్కువైపోయాయి.

ఒక మాట ఇక్కడ రాసి మర్చిపోతాను. కళ్ళ సంగతి బయటపడితే ఇమొజెన్ కేకు పట్టుకుని వస్తుంది. పంతొమ్మిదేళ్ళ సేవకి అంటుంది. ఫోటో తీస్తారు. మర్నాటి నుంచి నేను పొద్దున్నే లేచి ఎందుకు కూర్చోవాలో నాకు తెలియదు. ఆ కేకు కోసం నేను ఎదురుచూడటం లేదు.

ఆగస్టు 9

కార్ల్ దగ్గర నుంచి ఒక రికార్డు వచ్చింది. అతను రాసింది రాసినట్టే దింపుతున్నాను: "కట్ట వెనక పాత బూడిద దిబ్బ, ఎర్ర క్లోవర్ పువ్వు మీద. పన్నెండున్నరకి, భోజనానికి ఆగినప్పుడు. పావుగంట చూశాను. ఒళ్ళంతా రాగి రంగు. పొట్ట పక్కల నల్ల వెంట్రుక ఒక్కటి లేదు. పొట్ట మీద రెండో పట్టె కాస్త గోధుమ రంగు. రెక్క మొదట్లో మాత్రం మూడు నల్ల వెంట్రుకలు. పట్టె రాగి తుమ్మెద అనుకుంటున్నాను. తప్పయితే చెప్పండి."

పట్టె రాగి తుమ్మెద. ఈ కౌంటీలో నా పంతొమ్మిదేళ్ళలో ఒక్కరూ చూపించలేకపోయారు. చూశామని ఏడాదికొకరు రాస్తారు, నేను ఎర్ర గుర్తు పెడతాను. మామూలు రాగి తుమ్మెదకీ దీనికీ తేడా అంతా ఆ నల్ల వెంట్రుకల్లోనే ఉంది. పొట్ట పక్కల నలుపుంటే మామూలుది. పొట్ట మీద నలుపు లేకుండా రెక్క మొదట్లో రెండో మూడో ఉంటే పట్టెది.

యాప్ మామూలు రాగి తుమ్మెద అంది. తొంభై నాలుగు.

ఫోటో తెరిచాను. పెద్దది చేశాను. మధ్యలో ఒక మరక, దాని చుట్టూ క్లోవర్. తుమ్మెద ఆ మరకలోనే ఉంది. పక్కకి చూస్తే రెక్క అంచు కనబడుతుంది, సూటిగా చూస్తే పోతుంది. ఇంకా పెద్దది చేస్తే మరకా పెద్దదైంది. ఫోటో మసక.

ఎర్ర గుర్తు పెట్టాను. కింద ఇలా రాశాను: "మామూలు రాగి తుమ్మెద. యాప్ కూడా అదే అంటోంది. కొత్తలో అందరికీ లేనివి కనబడతాయి, నిరుత్సాహపడకండి." దయగానే రాశాను.

ఆగస్టు 10

దయగానే రాశాను.

ఆగస్టు 12

కార్ల్ జవాబు: "సరేనండి మావిస్‌గారూ. మీరేం చూశారో కాస్త చెబితే నేర్చుకుంటాను."

ఎంత పొగరు.

సాయంత్రం. పొగరు కాదు. ఆ ముక్కను డెరిక్ చేత నాలుగుసార్లు చదివించుకున్నాను, గొంతులో ఎక్కడా వెటకారం వినబడలేదు. నేర్చుకుంటానంటున్నాడు, అంతే. నేనేం చూశానో రాయాలి. కంప్యూటరు ఎదురుగా కూర్చున్నాను. టీ చల్లారిపోయింది. జవాబు రాయలేదు.

ఆగస్టు 19

నడకకి కార్ల్ రాలేదు. తొమ్మిదిమంది వచ్చారు. వాళ్ళు చెప్పేది నాకు సరిగ్గా ఆనడంలేదు. "పసుపు, నలుపు" అంటారు, ఆగిపోతారు.

సెప్టెంబర్ 2

కార్ల్ దగ్గర నుంచి రికార్డులేవీ లేవు. మూడు వారాలు దాటింది. సెలవుల్లో ఎక్కడికైనా వెళ్ళాడేమో. స్పెయిన్ వెళుతుంటారు జనం.

సెప్టెంబర్ 7

చెత్తబండి వచ్చింది. కిటికీలోంచి చూశాను. నడిపేది ఎవరో తెలియలేదు, కాని ఆ భుజాలు అతనివే. స్పెయిన్ వెళ్ళలేదు.

సెప్టెంబర్ 9

ఆ ఫోటో మళ్ళీ తెరిచాను. డెరిక్‌ని పిలిచి, "ఇక్కడ నీకేం కనబడుతోందో చెప్పు" అన్నాను. అతనికి తుమ్మెదకీ కందిరీగకీ తేడా తెలియదు. నలభై తొమ్మిదేళ్ళుగా తెలుసుకోకుండా జాగ్రత్తపడ్డాడు.

"పురుగు" అన్నాడు.

"పొట్ట పక్కన చూడు. నల్లగా ఏమైనా ఉందా?"

"లేదే. అంతా అల్లం రంగు."

"రెక్క ఒంటికి అతుక్కునే చోట?"

తెరకి ముక్కు ఆనించి చూశాడు. "ఆ, నల్లగా ఉన్నాయి. గడ్డం గీసుకుంటే మిగిలిపోయినట్టు. రెండు. కాదు, మూడు."

డెరిక్ కాసేపు నా కుర్చీ వెనక నిలబడి, తర్వాత గిన్నెలు కడగడానికి వెళ్ళిపోయాడు.

సెప్టెంబర్ 10

నెలాఖరున కౌంటీ జాబితా నా సంతకంతో పైకి వెళుతుంది. వెళ్ళాక ఈ ఏటి రికార్డులకు తాళం పడుతుంది. ఆ తర్వాత ఎవరూ మార్చలేరు, నేనైనా సరే. ఆ ఎర్ర గుర్తు ఒక్కటీ తీసేసి పచ్చ చేస్తే సరిపోతుంది. మళ్ళీ చూస్తే అనుమానం తీరిందని రాస్తే చాలు. ఎవరూ ఏమీ అనుకోరు.

మిగతావాటి సంగతి?

మిగతావి బాగానే ఉంటాయి.

సెప్టెంబర్ 13

ఏప్రిల్ నుంచి నేను పెట్టిన గుర్తులు ఎన్నని అడిగితే కంప్యూటరు చెప్పింది. నాలుగు వందల పన్నెండు. అందులో యాప్ మాటను నేను కాదన్నవి ఎన్ని అని అడిగాను.

సున్నా.

పోయిన ఏడు నూట ఆరు.

సెప్టెంబర్ 14

ఇవాళంతా ఆ యాప్ గురించే ఆలోచించాను. దాని తప్పేమీ లేదు పాపం. పట్టె రాగి తుమ్మెద ఈ ఊళ్ళో ఉందని దానికి ఎవరూ చెప్పలేదు. చెప్పవలసినదాన్ని నేను, పంతొమ్మిదేళ్ళుగా చెప్పినవాళ్ళందరి నోరూ మూయించాను. వాళ్ళలో ఎంతమంది నిజంగా చూశారో ఇప్పుడు ఎవరికి తెలుసు. అది నా దగ్గర నేర్చుకుని తొంభై నాలుగు అంది. నేను దాని తొంభై నాలుగు చూసి ఎర్ర గుర్తు పెట్టాను. ఈ గుర్తు చూసి అది వచ్చే ఏడు తొంభై ఆరు అంటుంది. మా ఇద్దరి మధ్య ఒక మనిషి మోకాళ్ళ మీద కూర్చుని పావుగంట చూశాడు, ఆ చూపు మాకు అక్కర్లేకపోయింది.

సెప్టెంబర్ 21

గురువారం. చెత్తడబ్బా బయట పెట్టడం డెరిక్ పని. ఇవాళ నేనే పెట్టి అక్కడే నిలబడ్డాను. బండి వచ్చి ఆగింది. కార్ల్ దిగాడు. ఎప్పటిలాగే నవ్వుతూ, "గుడ్ మార్నింగ్ మావిస్‌గారూ, చలి మొదలైపోయింది" అన్నాడు. కోపంగా ఉంటాడనుకున్నాను. కోపంగా ఉంటే బాగుండేది.

"నడకకి రావడంలేదే" అన్నాను.

"వదిలేశానండి. ఫోన్లోంచి యాప్ కూడా తీసేశాను. మనకి వచ్చే విద్య కాదులే అనిపించింది."

"ఒక్క తప్పుకేనా?"

"తప్పు కాదండీ, అదే చిత్రం. పావుగంట చూశాను కదా, అంత స్పష్టంగా నేనింకేదీ చూసి ఉండను. మీరేమో లేదన్నారు. అంటే నా కళ్ళకేదో అయ్యిందని భయమేసింది. బండి నడిపేవాణ్ణి, వీధుల్లో పిల్లలుంటారు. ఒక రోజు సెలవు పెట్టి కళ్ళు చూపించుకొచ్చాను."

"ఏమన్నారు?" అన్నాను.

"గద్ద కళ్ళన్నారు." నవ్వాడు. "కళ్ళు బాగానే ఉంటే మరి తప్పు బుర్రలోనే ఉండాలిగా. చూడాలనుకున్నది చూసే రకాన్నేమో. మా ఆవిడ కూడా అదే అనేది. అలాంటివాడు రికార్డులు రాయకూడదు. లేనివి కనబడతాయని మీరే రాశారుగా."

వెనక ఒక కారు హారన్ కొట్టింది. అప్పుడే చెప్పాల్సింది. నాలుగే మాటలు. నోరు తెరిచాను కూడా. "అలాగా" అన్నాను. అతను నా డబ్బా ఖాళీ చేసి, మూత వేసి, గేటు లోపల పెట్టి వెళ్ళాడు. మిగతా ఇళ్ళ డబ్బాలను పేవ్‌మెంటు మీదే వదిలేస్తారు.

సెప్టెంబర్ 21, సాయంత్రం

నేను అతని ఫోటో ఒక్కదాన్నే కొట్టెయ్యలేదు. తన కళ్ళ మీద తనకున్న నమ్మకాన్ని కొట్టేశాను. నాకు కళ్ళు కనబడక.

రాసేశాను. ఆరు నెలలుగా ఈ పుస్తకంలో, నేను తప్ప ఎవరూ చదవని ఈ పుస్తకంలో కూడా అబద్ధాలే రాసుకున్నాను. ఫోటోలు మసక కాదు. పలకలు వంకర కాదు. సూటిగా చూసిన ప్రతిదాని మధ్యలోనూ మరక ఉంది. డెరిక్ ముఖం చూడాలంటే అతని చెవి వైపు చూడాలి. నేను ఆసుపత్రికి వెళ్ళకపోతే కార్ల్ వెళ్ళాడు. నేను పడాల్సిన భయం అతను పడ్డాడు. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

సెప్టెంబర్ 22

పొద్దున డెరిక్‌కి చెప్పాను. విని, టోస్టు మీద మార్మలేడ్ రాస్తూనే ఉన్నాడు.

"నీకు తెలుసు" అన్నాను.

"మార్చిలో ఒకరోజు నా ప్లేటులోంచి బఠానీలు తిన్నావు. నీ ప్లేటనుకుని."

"మరి చెప్పలేదేం?"

"నీకు చెప్పి బతికినవాడెవడు?" తర్వాత కత్తి పక్కన పెట్టి, "చెప్పాల్సింది మావిస్. నువ్వంతట నువ్వు చెబుతావని చూశాను. అది నా తప్పు" అన్నాడు. విత్తనాల డ్రాయర్లోంచి రెండు ఉత్తరాలూ తీసి నా ముందు పెట్టాడు. అవి ఎక్కడున్నాయో కూడా తెలుసు. ఆసుపత్రికి అతనే ఫోను చేశాడు.

సెప్టెంబర్ 27

ఎడమ కంట్లో సూది వేశారు. వినడానికి భయంగా ఉంటుంది గాని అంత నొప్పి లేదు. ఇకపై నెలనెలా వెయ్యాలట. పోయింది చాలావరకు తిరిగి రాదు, ఉన్నది నిలుపుకోవచ్చు, జూన్‌లోనే వచ్చి ఉంటే ఇంకాస్త నిలిచేది అన్నాడు డాక్టరు. కుడికన్ను వేరే రకం, దానికి మందు లేదు. డెరిక్ నా చెయ్యి పట్టుకుని కారు దాకా నడిపించాడు. పట్టుకోవద్దని అనలేదు.

సెప్టెంబర్ 28

ఇమొజెన్‌కి ఫోను చేశాను. ఉన్నదున్నట్టు చెప్పాను.

"ఎన్ని రికార్డులు?" అంది.

"నాలుగు వందల పన్నెండు."

"గుర్తు పెట్టినవాళ్ళే వెనక్కి తీసుకోవాలి, మావిస్‌గారూ. మేము తీయలేం. ఒక్కొక్క దానికీ కారణం రాయాలి, అది ఫోటో పంపిన మనిషికి వెళుతుంది. అందరికీ తెలిసిపోతుంది."

"తెలియనివ్వు."

"మీరు ఈ ఏటికి ఆరోగ్యం బాగాలేదని ఆపేస్తే, మేము పక్క కౌంటీవాళ్ళ చేత మెల్లగా సరిచూయించుకుంటాం. ఇదంతా అక్కర్లేదు." మంచి పిల్ల. నన్ను కాపాడాలని చూసింది.

"ఎల్లుండి జాబితా వెళుతుందమ్మా. తప్పులకి తాళం పడుతుంది" అన్నాను. వెనక్కి తీసుకున్నాక వాటిని పక్క కౌంటీ నిర్ధారకుడికి పంపమన్నాను. ఆయనతో నాకు పదేళ్ళుగా మాటల్లేవు, కాని కళ్ళు బాగున్నాయి.

సెప్టెంబర్ 29

పొద్దున ఏడింటికి కూర్చున్నాం. డెరిక్ తెర చూసి చదువుతాడు, నేను టైపు చేస్తాను. మీటలు ఎక్కడున్నాయో వేళ్ళకి ఇంకా తెలుసు. కారణాలు ఒక వరసలో ఇచ్చారు, అందులోంచి ఒకటి ఎంచుకోవాలి. ఫోటో స్పష్టంగా లేదు, వివరాలు చాలవు, తేదీ తప్పు. మనిషికి కనబడలేదు అన్నది ఆ వరసలో లేదు. అన్నిటికంటే కింద "ఇతరం" అని ఒకటుంటే దాన్ని నొక్కమన్నాను.

"అందరికీ ఒకే ముక్క పెట్టేద్దామా? ఒకసారి రాస్తే నేను అంటిస్తూ పోతాను" అన్నాడు డెరిక్.

"మిగతావాళ్ళకి అలాగే చేద్దాం. ముందు కార్ల్‌ది తెరువు."

తెరిచాడు. ఆగస్టు తొమ్మిది, బూడిద దిబ్బ, ఎర్ర క్లోవర్. కింద నేను రాసిన ముక్క కూడా అలాగే ఉంది. నేను ఆపేలోగా డెరిక్ దాన్ని పైకి చదివేశాడు. కొత్తలో అందరికీ లేనివి కనబడతాయి అన్న చోట అతని గొంతు తగ్గింది. విని తట్టుకోవలసిందే.

అరగంట పట్టింది. పెద్దపెద్ద మాటలు రాసి, చెరిపి, ఆఖరికి ఇంతే రాశాను:

"కార్ల్, మీ ఫోటో బాగుంది. మీ కళ్ళు బాగున్నాయి. మీ బుర్రలో ఏ లోపమూ లేదు. నాకు చూపు పోతోంది, ఏప్రిల్ నుంచి దాచాను. మీ తుమ్మెదను నేను చూడలేదు. చూడకుండా కాదన్నాను. మీకు కనబడింది ఉంది. మావిస్ టిల్‌బ్రూక్."

డెరిక్ చదివి వినిపించి, "పంపనా?" అన్నాడు.

వద్దన్నాను. బల్ల మీద తడిమి ఆ మీట వెతుక్కుని నేనే నొక్కాను. తర్వాత రెండో పేరు చదవమన్నాను.